అందరికీ ఒకే మెసేజ్ వద్దు

ప్రశ్న: మిర్యాలగూడలో బియ్యం దుకాణం నడుపుతున్నాను. సూర్యాపేట, కోదాడ నుంచీ ఖాతాదారులున్నారు. వాట్సాప్‌లో ఆఫర్లు పంపితే ఎవరూ స్పందించడం లేదు. ఏం చేయాలి?

జవాబు: రైస్ మిల్లులకు పేరున్న ఊరు మీది. అక్కడ బియ్యం ఎవరైనా అమ్ముతారు. ఏ ఇంటికి ఏ బియ్యం నచ్చుతుందో గుర్తుంచుకోవడమే మీ బలం కావాలి.

ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఖాతాదారు పేరు, బియ్యం రకం బీపీటీనా హెచ్‌ఎంటీనా, పాతవా కొత్తవా, ఎన్ని బస్తాలు, ఎప్పుడు తీసుకున్నారు అనేవి రాసుకోండి. బస్తా అయిపోయే సమయానికి ఇలా పంపండి: "అక్కా, పోయినసారి మీరు తీసుకున్న పాత బీపీటీ వచ్చింది. ఒక బస్తా పక్కన పెట్టమంటారా?" కొత్త బియ్యం కొన్నవారికి ఎసరు కాస్త తగ్గించమని చెప్పండి. అన్నం ముద్దయితే మాట పడేది మీరే.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే నంబరు సేవ్ చేసుకోమని అడగండి, మెసేజ్‌లు పంపడానికి అనుమతీ తీసుకోండి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లోని లేబుళ్లతో ఖాతాదారులను ఊరివారీగా, బియ్యం రకంవారీగా విడదీయండి. వద్దన్నవారికి మళ్లీ పంపకండి.

ఫిర్యాదు వస్తే మెసేజ్‌తో సరిపెట్టక ఫోన్ చేసి మాట్లాడండి. ఈ వారమే పది ఇళ్లతో మొదలుపెట్టండి.