ఒక రోగాన్ని ఎదుర్కొంటూ మరో రోగిని మరువరాదు



మహమ్మారి వచ్చినప్పుడు దానివల్ల చనిపోయినవారిని మనం లెక్కపెడతాం. అదే రోజుల్లో కాన్పు కష్టమై, ఇన్సులిన్ అందక, క్షయ మందులు మధ్యలో ఆగిపోయి మరణించినవారిని ఎవరు లెక్కపెడతారు? వారికి మహమ్మారి సోకలేదు. ఆసుపత్రి తలుపు మూసి ఉండడమే వారి ప్రాణం మీదికి వచ్చింది. ఈ వారం ఈ విషయాన్ని కలిసి ఆలోచిద్దాం.

పశ్చిమాఫ్రికాలోని లైబీరియా రాజధాని మన్రోవియాలో పునీత జోజప్ప కతోలిక ఆసుపత్రి ఉంది. 2014లో ఎబోలా వ్యాపించినప్పుడు ఆ ఆసుపత్రి డైరెక్టరు బ్రదర్ పాట్రిక్ ఆగస్టు 2న మరణించారు. సేవలు చేసినవారికీ రోగం సోకింది. స్పెయిన్ దేశపు గురువు ఫాదర్ మిగుయెల్ పహారెస్‌తో పాటు మరికొందరు అదే నెలలో కన్నుమూశారు. ఆసుపత్రిని మూసివేయక తప్పలేదు. వారి త్యాగం గొప్పది. కాని ఆసుపత్రి మూతపడిందని పురిటి నొప్పులు ఆగవు కదా!

గినీ, లైబీరియా, సియెర్రాలియోన్ దేశాల్లో ఎబోలా 11,300 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ కాలంలో వైద్యం సగానికి తగ్గిందనుకుంటే, మలేరియా, క్షయ, ఎయిడ్స్ వల్ల అదనంగా మరణించినవారు కూడా సుమారు పదివేల మంది ఉంటారని పరిశోధకులు అంచనా వేశారు. అంటే మహమ్మారి రెండు చేతులతో కొడుతుంది. ఒక చెయ్యి కనబడుతుంది, రెండవది కనబడదు.

మన దేశం సంగతి చూడండి. 2019లో సుమారు 24 లక్షల మంది క్షయరోగులు నమోదయ్యారు. కరోనా వచ్చిన 2020లో 18 లక్షల మందే నమోదయ్యారు. రోగం తగ్గిందా? లేదు, పరీక్షకు వచ్చేవారు తగ్గారు. అదే ఏడాది డిపిటి టీకా మొదటి డోసు కూడా అందని పసిబిడ్డలు 30 లక్షలకు పైగా ఉన్నారు. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య 14 లక్షలు.

మరి ఏం చేయాలి? 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. అనుభవం నేర్పిన పాఠాలను నాలుగు మాటల్లో చెప్పుకోవచ్చు.

మొదటిది, ఆగకూడని సేవలేవో ముందే నిర్ణయించుకోవాలి. కాన్పులు, టీకాలు, డయాలసిస్, రక్తనిధి, ప్రమాద చికిత్స, క్షయ మందులు ఆగకూడదు. వాయిదా వేయదగిన ఆపరేషన్లను వాయిదా వేయవచ్చు.

రెండవది, దారులు వేరు చేయాలి. జ్వరంతో వచ్చినవారిని గేటు వద్దే గుర్తించి వేరే గదికి పంపితే, గర్భిణి నిర్భయంగా లోపలికి రాగలదు.

మూడవది, రోగి మాటిమాటికీ ఆసుపత్రికి రావలసిన పని తగ్గించాలి. బి.పి., షుగరు రోగులకు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వవచ్చు. 2020లోనే ఇ-సంజీవని ద్వారా ఇంటి నుండి డాక్టరు సలహా పొందే వీలు కలిగింది.

నాలుగవది, సిబ్బందిని కాపాడుకోవాలి. గ్లౌజులు, గౌన్లు, శిక్షణ, విశ్రాంతి లేకుండా సేవ చేయమనడం న్యాయం కాదు. నర్సు మంచాన పడితే వార్డు మూతపడుతుంది. మన్రోవియా నేర్పిన పాఠం ఇదే.

ఇవన్నీ ప్రభుత్వం, ఆసుపత్రులు చేయవలసిన పనులని మనం చేతులు దులుపుకోవచ్చా? భయపడి టీకాకు బిడ్డను తీసుకువెళ్ళనిది మనమే. ఛాతీ నొప్పి వచ్చినా "ఈ రోజుల్లో ఆసుపత్రి ఎందుకులే" అని ఇంట్లో కూర్చునేది మనమే. గట్టిగా అరిచేవాని అవసరం అందరికీ వినబడుతుంది. మౌనంగా బాధపడేవాని అవసరాన్ని వెదకి తెలుసుకోవడమే న్యాయం, అదే ప్రేమ.

కనుక ఈ వారం ఇంట్లో మందులు ఎన్ని రోజులకు ఉన్నాయో చూసుకోండి. బిడ్డల టీకా కార్డు తీసి చూడండి. నెలలు నిండిన అమ్మాయి ఉంటే ఏ ఆసుపత్రికి, ఏ వాహనంలో తీసుకువెళ్ళాలో ముందే అనుకోండి. 108 నంబరు అందరికీ తెలిసి ఉండాలి.

కుటుంబంలో చర్చించుకోండి:
1. మన వీధిలో డయాలసిస్‌కు వెళ్ళేవారు, ఒంటరిగా ఉన్న వృద్ధులు ఎవరు?
2. రేపు రాకపోకలు ఆగిపోతే వారికి మందు తెచ్చి ఇచ్చేది ఎవరు?

రెండవ ప్రశ్నకు జవాబుగా ఒక పేరు వచ్చేవరకు చర్చ ముగించకండి.