ఆరుద్ర వానలకు మొలిచే గొడుగులు: ఏది కూర, ఏది విషం?

ఆరుద్ర కార్తెలో నాలుగు మంచి వానలు పడి, మధ్యలో ఒకటి రెండు రోజులు ఉక్కపోస్తే చాలు, చెల్క గట్ల మీద, చెదపుట్టల చుట్టూ పుట్టకొక్కులు లేస్తాయి. పత్తిలో కలుపు తీసే కూలీలు కొంగున కట్టుకొస్తారు. పశువుల కాపరులు తువ్వాలలో మూట కడతారు. అవి గంపల్లో వరంగల్ నగరానికి, కొత్తవాడ లాంటి నేతకార్మికుల వాడలకు చేరేసరికి కాడలు తెగి, టోపీలు నలిగి, ఏది ఎక్కడ మొలిచిందో చెప్పే ఆనవాళ్లే ఉండవు. పుట్టగొడుగును పోల్చుకునే గుర్తుల్లో సగం కాడ మొదట్లోనే ఉంటాయి. అందుకే చేనులో ఏరే రైతు మీద బాధ్యత ఎక్కువ.

మనవాళ్లు తరతరాలుగా ఇష్టంగా తినే చెదపుట్ట గొడుగు సంగతి ముందు చూడాలి. చెదలు పుట్ట లోపల ఒక రకం బూజును పెంచుకుంటాయి. వానకు ఆ బూజు నుంచే గొడుగు పైకి వస్తుంది. కాబట్టి దాని కాడ నేలతో ఆగిపోదు, వేరులా సన్నబడుతూ చెదల గూడు దాకా లోతుకు దిగుతుంది. టోపీ నడిమధ్యన మొనదేలిన బొడిపె ఉంటుంది. కాడ అడుగున గిన్నెలాంటి తొడుగు ఉండదు. ఇవన్నీ చూడాలంటే పైన తుంచకూడదు, కొడవలి మొనతో చుట్టూ తవ్వి మొత్తంగా తీయాలి.

దీనితో పొరబడే మొదటి విషపు గొడుగు పచ్చికలోనూ, పెంటకుప్పల దగ్గరా మొలిచే పచ్చ రేకుల గొడుగు. శాస్త్రవేత్తలు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అంటారు. పెద్దది, తెల్లటిది, చూడముచ్చటగా ఉంటుంది. టోపీ మీద గోధుమరంగు పొలుసులుంటాయి, కాడకు పైకీ కిందికీ జరిగే ఉంగరం ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు టోపీ కింది రేకులు కూడా తెల్లగానే ఉంటాయి, ముదిరాకే పచ్చబారతాయి. చాలామంది మోసపోయేది ఆ లేత దశలోనే. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పెద్దవాళ్లు సాధారణంగా కోలుకుంటారు కానీ, పిల్లలకు ఒంట్లో నీరు పోయి ప్రాణం మీదికి వస్తుంది.

అసలు ప్రాణాలు తీసేవి అమానిటా జాతిలో ఉన్నాయి. చెట్ల వేళ్లతో కలిసి బతికే గొడుగులివి. రేకులు తెల్లగా, కాడకు ఉంగరం, మట్టిలో దాగిన మొదట్లో కోడిగుడ్డు పెంకులాంటి తిత్తి. ఈ మూడూ కలిసి కనిపిస్తే ముట్టకుండా వదిలేయాలి. అలాగని తిత్తి లేనంత మాత్రాన భయం లేదనుకోకూడదు. లెపియోటా అనే చిన్న పొలుసుల గొడుగుల్లో తిత్తి ఉండదు, కానీ కొన్ని రకాల్లో అమానిటాలోని అమాటాక్సిన్ విషమే ఉంటుంది. ఉడికించినా, ఎండబెట్టినా ఆ విషం విరగదు.

2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాల వారే, పిల్లలూ ఉన్నారు. బాధితులు డిబ్రూగఢ్‌లోని అస్సాం వైద్య కళాశాల ఆసుపత్రిలో చేరారు. 2012 కొత్త సంవత్సరం రోజుల్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఇద్దరు చనిపోయింది డెత్ క్యాప్ అనే అమానిటాను వరిగడ్డి పుట్టగొడుగు అనుకుని వండుకోవడం వల్ల. వరి రైతులకు ఇది దగ్గరి విషయం. మన గడ్డివాముల దగ్గర మొలిచే వరిగడ్డి గొడుగుకూ అడుగున తిత్తి ఉంటుంది. అయితే దానికి ఉంగరం ఉండదు, ముదిరితే రేకులు గులాబీ రంగుకు తిరుగుతాయి. మొగ్గ దశలో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పేడ మీద మొలిచేవాటిది వేరే ప్రమాదం. ఆవులు, బర్రెలు మేసే బీళ్లలో, పాత పేడకడుల మీద సిలోసైబీ క్యూబెన్సిస్ అనే లేత పసుపు, గోధుమ రంగు టోపీ గొడుగు వస్తుంది. దీని కాడను నలిపితే నీలిమచ్చ పడుతుంది. ఇందులోని సిలోసైబిన్ మెదడు మీద పనిచేస్తుంది. అరగంట, గంటలో లేనివి కనిపించడం, కారణం లేని నవ్వు, భయం, తడబాటు మొదలై నాలుగైదు గంటలుంటాయి. ఆ మైకంలో బావి గట్టు మీదో, ట్రాక్టర్ మీదో ఉన్న మనిషి గతేమిటో చెప్పనక్కర్లేదు. పసిపిల్లలకు జ్వరం, ఫిట్స్ రావచ్చు. సిలోసైబిన్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలో ఉంది. ఎవరైనా కుర్రాళ్లు బీళ్లలో వీటి కోసం వెతుకుతుంటే ఇంటి పెద్దలకు చెప్పాలి. నీలిమచ్చను చూసి ఏరుకునే ధైర్యం అసలే వద్దు, ఒకే పేడకుప్ప మీద రకరకాల గొడుగులు పక్కపక్కనే మొలుస్తాయి.

కల్లు అలవాటున్న ఇళ్లవారు ఇంకోటి తెలుసుకోవాలి. ముదిరితే నల్లటి సిరాలా కరిగి కారే గొడుగుల్లో కొన్నింటిని మామూలుగా తింటే ఏమీ కాదు. కల్లో, సారాయో తాగితే మాత్రం మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. తిన్న రెండు మూడు రోజుల తర్వాత తాగినా ఈ బాధ రావచ్చు.

వంటింటి పరీక్షలు ఒక్కటీ పనికిరావు. వెండి నాణెం నల్లబడకపోవడం, వెల్లుల్లి రంగు మారకపోవడం, పురుగు కొరికి ఉండటం, వీటిలో ఏదీ విషం లేదనడానికి రుజువు కాదు. నత్తలు, పురుగులు అమానిటాను హాయిగా తింటాయి. కొంత నమ్మదగింది బీజాల పొడి రంగు. టోపీని కాడ నుంచి వేరుచేసి, రేకులు కిందికి వచ్చేలా సగం తెల్ల, సగం నల్ల కాగితం మీద పెట్టి, గ్లాసు బోర్లించి రాత్రంతా ఉంచాలి. పొద్దున పడిన పొడి తెల్లగా ఉంటే అమానిటా అయ్యే అవకాశం ఉంది, పచ్చగా ఉంటే పచ్చ రేకుల గొడుగు. చెదపుట్ట గొడుగుకూ, వరిగడ్డి గొడుగుకూ గులాబీ ఛాయ పొడి పడుతుంది. ఇది ‘వద్దు’ అని తేల్చుకోవడానికే ఉపయోగపడుతుంది. పొడి గులాబీగా పడినా మిగతా గుర్తులన్నీ కలవకపోతే పారేయాల్సిందే.

తిన్నాక బాధ మొదలైతే గడియారం చూడాలి. ఆరు గంటలు దాటాక, ముఖ్యంగా మర్నాటికి వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలయ్యాయంటే అమాటాక్సిన్‌నే అనుమానించాలి. రెండో రోజు మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు, ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. మూడో రోజు నుంచి కామెర్లు బయటపడతాయి. కాబట్టి తగ్గినట్టున్నా ఆసుపత్రిలోనే ఉంచాలి. అదే కూర తిన్నవాళ్లందరినీ, బాధ లేనివాళ్లను కూడా, తీసుకెళ్లాలి. 108కు ఫోన్ చేయాలి. వరంగల్ వారికి ఎంజీఎం ఆసుపత్రి అందుబాటులో ఉంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకూడదు. మిగిలిన గొడుగును కాగితంలో చుట్టి, మిగిలిన కూరతో సహా డాక్టరుకు చూపాలి. ఎన్ని గంటలకు తిన్నారో రాసిపెట్టాలి.

పుట్టగొడుగు కూర మీద మనసున్న రైతులు ఇంట్లోనే పెంచుకోవచ్చు. చలికాలానికి ముత్యపు చిప్ప రకం, 30 నుంచి 35 డిగ్రీల వేడికి పాల పుట్టగొడుగు బాగా సరిపోతాయి. రెండింటికీ వరిగడ్డే ఆధారం. పురుగుమందుల అవశేషం లేని కొత్త గడ్డిని చిన్న ముక్కలుగా నరికి, నానబెట్టి, ఉడికించి, నీరు ఓడ్చి సంచుల్లో విత్తనంతో పొరలుగా నింపాలి. పాల పుట్టగొడుగుకు పైన మట్టి పొర కూడా వేయాలి. గడ్డి సరిగా ఉడక్కపోతే సిరా గొడుగులు కలుపులా మొలుస్తాయి. వాటిని పంటలో కలవనివ్వకుండా ఏరి పాతిపెట్టాలి. సాగు మెళకువలకు వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాన్ని, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించవచ్చు.