సాఫ్ట్‌వేర్ నిర్మాణముపై చదువదగిన రచనలు – వాటి ఎన్నిక

ఒకనాడు విద్యార్థికి పుస్తకము దొరకుటయే కష్టముగా ఉండెడిది. నేడు ఏ పుస్తకము చదువవలెనో తేల్చుకొనుట కష్టమైనది. సాఫ్ట్‌వేర్ నిర్మాణమును గురించి దినదినము వెలువడుచున్న రచనలను ఒక మనిషి జన్మమంతయు కూర్చుండి చదివినను తరుగవు. వాటిలో అధికభాగము ఒకరు వ్రాసినదానిని మరియొకరు మార్చి వ్రాసినదే. అవి చాలవన్నట్లు యంత్రములే అల్లిపెట్టు వ్యాసములు కూడ ఇప్పుడు వాటికి తోడైనవి.

మన కళాశాలలో కంప్యూటర్ శాస్త్రము చదువుచున్న విద్యార్థులలో అనేకులు పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమములోనో ఉర్దూ మాధ్యమములోనో చదివి వచ్చినవారు. ఒక గట్టి ఆంగ్ల వ్యాసమును ఆకళించుకొనుటకు వారికి ఒక పూట పట్టును. చిన్ననాటినుండి ఆంగ్లములోనే పెరిగిన విద్యార్థి పది వ్యాసములు చదివి తొమ్మిదింటిని పారవేయగలడు. మనవారికి అంతటి వెసులుబాటు లేదు. తల్లిదండ్రులు అప్పు చేసి కట్టిన ఫీజు, మూడేండ్ల కాలము, సాయంకాలము ఏదో ఒక దుకాణములో పని చేసిన తరువాత మిగులు రెండు గంటలు, ఇవియే వారి మూలధనము. అందుచేత ఎన్నిక అనునది మనకు విలాసము కాదు, అవసరము.

తెలుగు పాఠము చెప్పుకొనువారికి ఈ విషయముతో ఏమి పని యని కొందరు అడుగవచ్చును. సాఫ్ట్‌వేర్ వ్రాయుట మా వృత్తి కాదు, నిజమే. కాని ఒక రచన మూలమా, నకలా, నకలుకు నకలా యని పరీక్షించుట మా వృత్తియే. తాళపత్ర ప్రతులను ముందు వేసుకొని పాఠాంతరములు తేల్చిన పండితులు, మూలములో లేనిదానిని వ్రాయనని ప్రతిన పూనిన మల్లినాథసూరి వంటి వ్యాఖ్యాతలు నడచిన త్రోవ అది. ఆ త్రోవ కంప్యూటర్ రచనలకు కూడ ఎంత చక్కగా సరిపోవునో చూచిన ఆశ్చర్యము కలుగును.

మొదట ఒక ఉదాహరణము. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకములు పెక్కింటిలో ‘జలపాత పద్ధతి’ అని ఒకటి కనిపించును. ముందు అవసరములు వ్రాసుకొనుట, పిమ్మట రూపకల్పన, ఆపైన ప్రోగ్రాము వ్రాయుట, చివరకు పరీక్షించుట. నీరు మెట్టునుండి మెట్టుకు దుమికినట్లు పని క్రిందికే సాగును గాని వెనుకకు మరలదు. దీనికి మూలపురుషుడు విన్‌స్టన్ రాయిస్ అనియు, 1970లో ఆయన వ్రాసిన పత్రము దీనిని ప్రతిపాదించినదనియు చెప్పుట ఆచారమైనది. పరీక్షలలో మన విద్యార్థులు కూడ అట్లే వ్రాసి మార్కులు తెచ్చుకొనుచున్నారు.

ఆ పత్రమును తెరచి చూచినవారికి కనబడునది వేరు. అంతరిక్ష నౌకలకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ పనిలో తొమ్మిదేండ్లు గడించిన అనుభవముతో రాయిస్ దానిని వ్రాసినారు. మెట్ల బొమ్మ అందులో ఉన్న మాట వాస్తవము. అయితే ఆ బొమ్మ వేసిన వెంటనే, ఆ రీతిగా పని నడిపించుట ప్రమాదకరమనియు, వైఫల్యమును పిలుచుకొనుటయే యనియు ఆయన హెచ్చరించినారు. పరీక్ష అన్నిటికంటె చివర వచ్చుటచేత, అక్కడ దోషము బయటపడినచో రూపకల్పన అంతయు తిరుగదోడవలసి వచ్చునని కారణము చెప్పినారు. తక్కిన పత్రమంతయు ఆ ప్రమాదము తప్పించుకొను ఉపాయములే: క్రొత్త తరహా పని యైనచో ముందు చిన్న నమూనా నిర్మించి పిమ్మట అసలుది నిర్మించుట, పని చేయించుకొనువానిని నడుమ నడుమ పిలిచి చూపుట మొదలైనవి. ‘జలపాతము’ అను మాట ఆ పత్రములో లేనేలేదు! పూర్వపక్షముగా చెప్పినదానిని సిద్ధాంతముగా గ్రహించి, దానిని ఆ రచయితకే అంటగట్టి, అర్ధశతాబ్దికి పైగా బోధించుచున్నామన్నమాట. మన శాస్త్రగ్రంథములలో పూర్వపక్షమును సిద్ధాంతమునుకొనువాడు తొలి పాఠములోనే మందలింపు తినును.

ఇటువంటిదే మరియొకటి. ప్రోగ్రామును ముందుగానే వేగవంతము చేయబూనుట సకల అనర్థములకు మూలమను భావము డోనల్డ్ నూత్ పేర ప్రచారములో ఉన్నది. సోమరితనమునకు ఇది మంచి సాకు. ఆ మాట 1974 డిసెంబరులో ‘కంప్యూటింగ్ సర్వేస్’ పత్రికలో వెలువడిన దాదాపు 40 పుటల వ్యాసములోనిది. అక్కడ నూత్ చెప్పినది నూటికి సుమారు 97 పాళ్ల సందర్భములను గురించి మాత్రమే. మిగిలిన 3 పాళ్లు కీలకమైనవనియు, అక్కడ వేగము సాధించు అవకాశమును వదలుకొనరాదనియు ఆ వెంటనే చెప్పినారు. సగము వాక్యము లోకమంతయు తిరిగినది, తక్కిన సగము వ్యాసములోనే ఉండిపోయినది.

ఆ వ్యాసమునకు పూర్వకథ కూడ తెలిసికొనదగినది. 1968 మార్చిలో డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికకు ఒక లేఖ వ్రాసినారు. ప్రోగ్రాములలో ‘గోటు’ ఆజ్ఞను విచ్చలవిడిగా వాడినచో, పని ఏ క్షణమున ఎంతవరకు వచ్చినదో చదువరి ఊహించుకొనలేడని అందులోని వాదము. ‘గోటు హానికరము’ అను అర్థము వచ్చునట్లు శీర్షిక పెట్టినది డైక్‌స్ట్రా కాదు, సంపాదకుడు నిక్లాస్ విర్త్. లేఖను చదువనివారు కూడ శీర్షికను పట్టుకొని దశాబ్దముల తరబడి కలహించినారు. నూత్ మాత్రము ఎక్కడ ఆ ఆజ్ఞ తొలగించుట మేలో, ఎక్కడ ఉంచుట మేలో ఉదాహరణములతో విడమరచినారు. లేఖ రెండు పుటలు, సమాధానము నలుబది పుటలు. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివినవానికి వాదము చేయుట ఎట్లో తెలియును.

కాబట్టి ఎక్కువమంది ఉదహరించు మాట కనబడినప్పుడు దాని పుట్టిల్లు వెదకుట తొలిపని. ఆ పుట్టిల్లు చేరుట ఇప్పుడు కష్టము కాదు. ఏసీఎం సంస్థ 1951 నుండి 2000 వరకు తాను ప్రకటించిన వ్యాసములను 2022లో అందరికిని ఉచితముగా తెరచినది. డైక్‌స్ట్రా వ్రాతప్రతులు పదమూడు వందలకు పైగా టెక్సాస్ విశ్వవిద్యాలయమువారు భద్రపరచి అంతర్జాలములో ఉంచినారు. వాటిలో అనేకము ఆయన స్వహస్తముతో కలము పట్టి వ్రాసినవి. ఆయన వాటికి నకళ్లు తీసి మిత్రులకు పంపుట, వారు మరల నకళ్లు తీసి ఇతరులకు ఇచ్చుట వాడుక. అమీర్‌పేటలో చేతులు మారు జిరాక్సు నోట్సు చూచినప్పుడు మాకిది గుర్తుకు వచ్చును. ఆ నోట్సును మేము చులకన చేయుట లేదు. ఎందరికో అది అన్నము పెట్టినది. కాని అందులో ఉండునది నేటి ఇంటర్వ్యూకు సమాధానము. ఐదేండ్లకు అడుగు ప్రశ్న మారిన నాడు అది అక్కరకు రాదు.

ఇక రెండవ పరీక్ష. రచయిత తాను కట్టినదానిని గురించి వ్రాయుచున్నాడా, విన్నదానిని గురించియా? ఫ్రెడరిక్ బ్రూక్స్ ఐబీఎం సంస్థలో ఓఎస్/360 అను మహాకార్యమునకు నాయకత్వము వహించినవారు. ఆ అనుభవమునుండి 1975లో ఒక పుస్తకము వెలువరించినారు. వెనుకబడిన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను చేర్చినకొలది అది మరింత వెనుకబడునని అందులోని ప్రసిద్ధమైన మాట. వరికోతకు కూలీలు పెరిగినచో పని త్వరగా తెమలును గదా, ఇక్కడ ఎందుకు తెమలదు? క్రొత్తవారికి నేర్పుటకు పాతవారు తమ పని ఆపవలెను. అంతేకాక ఐదుగురున్నచోట ఒకరితో ఒకరు మాట్లాడుకొనవలసిన జతలు 10, పదిమంది యైనచో 45. చేతులు రెట్టింపైనచో మాటలు నాలుగింతలు దాటినవి.

అదే బ్రూక్స్ మొదటి కూర్పులో పార్నస్ అను మరియొక శాస్త్రజ్ఞుని అభిప్రాయమును త్రోసిపుచ్చినారు. ఇరువదేండ్ల పిమ్మట, 1995 కూర్పులో, పార్నస్ చెప్పినదే సరి, తాను చెప్పినది పొరపాటు అని అచ్చులో ఒప్పుకొన్నారు. అంతటివాడు అంత మాట వ్రాసిన పుస్తకమును నమ్మి చదువవచ్చునని మా అభిప్రాయము. తన పద్ధతి ఎక్కడ పనికిరాదో చెప్పని రచన చదువదగిన రచన కాదు, అది ప్రకటన.

ఆ పార్నస్ చెప్పినదేమి? 1972 డిసెంబరులో ఆయన ప్రకటించిన వ్యాసము ఆరు పుటలు మాత్రమే. అందులోని ఉదాహరణము మా తెలుగువారికి సులభముగా పట్టుబడును. ఒక పద్యపాదము ఉన్నదనుకొందము. దాని మొదటి పదమును తీసి చివర చేర్చుము. ఏర్పడిన వరుసలోని మొదటి పదమును మరల చివరకు పంపుము. ఇట్లు ఏర్పడు వరుసలన్నిటిని అకారాదిక్రమమున పేర్చినచో ఒక సూచిక యగును. పాదములో ఏ పదము జ్ఞాపకమున్నను దానితో పాదమును పట్టుకొనవచ్చును. ఈ సూచిక తయారుచేయు ప్రోగ్రామును పార్నస్ రెండు విధములుగా విభజించి చూపినారు. మొదటిది ఎవరికైనను తోచునదే: చదువుట, త్రిప్పుట, పేర్చుట, అచ్చువేయుట, ఒక్కొక్క పనికి ఒక్కొక్క భాగము. రెండవది అట్లు కాదు. రేపు మారుటకు వీలున్న ప్రతి నిర్ణయమును ఒక భాగములో దాచిపెట్టి, తక్కిన భాగములకు దాని మర్మము తెలియనీయకుండుట. పాదములను యంత్రస్మృతిలో నిలువచేయు తీరు మార్చవలసి వచ్చినచో, మొదటి విభజనలో అన్ని భాగములను విప్పవలెను; రెండవదానిలో ఒక్కటి విప్పిన చాలును. ఇంతే సంగతి. కాని అర్ధశతాబ్దమునుండి పెద్ద ప్రోగ్రాములు నిలుచుటయో కూలుటయో ఈ ఆరు పుటల విషయముపై ఆధారపడుచున్నది.

విజయగాథలకంటె వైఫల్యములను విచారించిన నివేదికలు ఎక్కువ నేర్పును. థెరాక్-25 అను రేడియేషన్ చికిత్సాయంత్రమును గురించి నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ అనువారు 1993లో ప్రకటించిన వ్యాసమును ప్రోగ్రామర్ కాదలచినవారందరు చదువవలెను. 1985 జూను నుండి 1987 జనవరి వరకు అమెరికా, కెనడాలలో ఆ యంత్రము ఆరుగురు రోగులకు మితిమీరిన కిరణములను ప్రయోగించినది. వారిలో కొందరు ఆ గాయములతో మరణించినారు. అంతకు ముందరి నమూనాలో ప్రమాదము రాకుండ విడిగా విద్యుత్పరికరముల కాపలా ఉండెడిది. క్రొత్తదానిలో ఆ కాపలా తీసివేసి, భారమును సాఫ్ట్‌వేర్‌పై మోపినారు. యంత్రము నడుపు ఉద్యోగిని తప్పుగా కొట్టిన అక్షరమును 8 సెకన్లలోపల దిద్దినచో, తెరపై దిద్దుబాటు కనబడెడిది గాని యంత్రము లోపల దానిని గ్రహించెడిది కాదు. క్రొత్తగా పని నేర్చుకొనువారు మెల్లగా దిద్దుదురు గనుక వారి చేతిలో దోషము బయటపడలేదు. చేయి తిరిగినవారి చేతిలోనే బయటపడినది. తయారుచేసినవారు ఇట్టిది జరుగనేరదని వాదించుచుండగా, ఒక ఆసుపత్రిలోని భౌతికశాస్త్రజ్ఞుడును ఆ ఉద్యోగినియు కలసి పదే పదే ప్రయత్నించి ఆ దోషమును తిరిగి రప్పించి చూపినారు. విచారణలో తెలిసిన మరియొక విషయము మరింత భయంకరము. అదే దోషము పాత నమూనా ప్రోగ్రాములోను ఉన్నది. కాపలా పరికరములు అడ్డుపడుటచేత ఇన్నాళ్లు ఎవరికిని తెలియలేదు.

ఈ వ్యాసమునకు గణితము అక్కరలేదు, ఓపిక చాలును. ఆసుపత్రిలోనో బ్యాంకులోనో రైల్వేలోనో ఉపయోగపడు ప్రోగ్రామును మన విద్యార్థి ఏదో ఒకనాడు వ్రాయకపోడు. తెరకు అవతల మనిషి ఉన్నాడను ఎరుక దీనివలె కలిగించునది పాఠ్యపుస్తకములలో మాకు కనబడలేదు.

యంత్రమే ప్రోగ్రాము వ్రాసిపెట్టుచుండగా ఈ పాతవి ఎందుకని అడుగువారు ఉన్నారు. డెన్మార్కువాడైన పీటర్ నౌర్ 1985లో ఒక వ్యాసములో దీనికి తగిన మాట చెప్పియున్నారు. ప్రోగ్రామనగా వ్రాసిన అక్షరములు కావనియు, అది ఎందుకట్లున్నదో, మార్పు వచ్చినచో ఎక్కడ చేయి పెట్టవలెనో తెలిసిన మనుషుల మనస్సులోని అవగాహనయే యనియు ఆయన సిద్ధాంతము. ఆ మనుషులు విడిపోయినచో ప్రోగ్రాము నడచుచున్నను మరణించినట్లే యని ఆయన అభిప్రాయము. అక్షరములను యంత్రము ఇచ్చిన నాడు అవగాహన ఎవరికి మిగులును?

భాష సంగతి ఒకటి మిగిలినది. ఇవి అన్నియు ఆంగ్లములోనివి. నిజాము కాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకై 1917లో దారుల్ తర్జుమా నెలకొల్పి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల పాఠ్యగ్రంథములను తెలుగులో వెలువరించినది. పార్నస్ వ్యాసము ఆరు పుటలే గదా. మన విద్యార్థులు నలుగురు కూర్చుండి దాని సారమును తెలుగులో రెండు పుటలు, ఉర్దూలో రెండు పుటలు వ్రాయలేరా? వచ్చే సంచికలో ప్రకటించుటకు సంపాదకవర్గము అంగీకరించునని మా నమ్మకము. పారిభాషిక పదములకు తడుముకొననక్కరలేదు. ‘మాడ్యూలు’ను మాడ్యూలనియే వ్రాయవచ్చును. అందులోని ఉదాహరణమును సరిచూచుకొనుటకు కంప్యూటరు కూడ అవసరము లేదు. ఒక పద్యము, నాలుగు కాగితములు, ఒక పెన్సిలు ఉన్న చాలును.