ఎండ్రకాయలు తింటే ఊపిరితిత్తుల్లో పురుగు చేరుతుందా?

ప్రశ్న: మావాడు అమెరికాలో, మిస్సోరిలో చదువుతున్నాడు. పోయిన వేసవిలో స్నేహితులతో పడవ మీద పోయి, నదిలో క్రేఫిష్‌లు పట్టి సరిగా కాలకుండానే తిన్నారంట. ఇప్పుడు దగ్గు వదలడం లేదంటాడు. ఇక్కడ మేమూ కుందూ నదిలో ఎండ్రకాయలు పట్టుకొచ్చి వండుకుంటాం, దగ్గొస్తే వాటితో రసం కాస్తాం. మాకూ భయమేనా డాక్టరుగారూ?
– ఒక తల్లి, రాజుపాలెం

జవాబు: ముందు మీ అబ్బాయి సంగతమ్మా. ఈరోజే ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లమనండి. పచ్చి క్రేఫిష్ తిన్న విషయం డాక్టరు అడక్కపోయినా తనే చెప్పాలి. రొయ్యలాంటి ఒళ్లు, ఎండ్రకాయ లాంటి డెక్కలు ఉండే ఆ జీవిలో, మిస్సోరి నదుల్లో, పారాగోనిమస్ అనే చదును పురుగు పిల్లలు ఉంటాయి. 2006–2010 మధ్య ఆ రాష్ట్రంలో తొమ్మిది మందికి ఈ జబ్బు బయటపడింది. అందరూ నదిలో పట్టిన క్రేఫిష్‌ను పచ్చిగానో సగం ఉడికించో తిన్నవారే.

కడుపులోకి పోయిన పిల్ల పురుగు పేగును తొలుచుకుని ఊపిరితిత్తులకు చేరుతుంది. దగ్గు, ఛాతీ నొప్పి, తుప్పు రంగు కళ్లె వస్తాయి. అచ్చం క్షయలాగే కనిపిస్తుంది, అందుకే పొరపడతారు. రక్తంలో ఇసినోఫిల్ కణాలు పెరిగితే అనుమానించాలి. ప్రాజిక్వాంటెల్ మాత్రలు బరువును బట్టి రెండు మూడు రోజులు వాడితే నయమవుతుంది.

ఇక మన సంగతి. ఈ పురుగు పెరగాలంటే ముందు నత్త కావాలి, తర్వాత క్రేఫిష్ గానీ ఎండ్రకాయ గానీ కావాలి, చివరికి దాన్ని తినే జంతువో మనిషో కావాలి. మన దేశంలో సహజంగా క్రేఫిష్‌లు లేవు. ఇక్కడ ఎండ్రకాయే ఈ పురుగును మోస్తుంది. 1878లో ఈ జాతి పురుగును మొదట వర్ణించింది యూరప్ జూలలో చనిపోయిన మన దేశపు పులుల ఊపిరితిత్తుల్లోంచే. మనుషుల్లో ఎక్కువగా చూసేది మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్‌లలో. కొరియాలో ఒకప్పుడు తట్టు పోసిన పిల్లలకు క్రేఫిష్ దంచి పచ్చి రసం పట్టేవారు, జబ్బు అలా పాకింది.

మీరు రసం బాగా మరిగిస్తారు కాబట్టి పురుగు బతకదు. కానీ దాంతో దగ్గు తగ్గుతుందని రోజులు గడపకండి. రెండు వారాలు దాటితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కళ్లె పరీక్ష చేయించండి. మన దగ్గర ముందు అనుమానించాల్సింది క్షయనే. పిల్లలు గట్టు మీద ఎండ్రకాయలను నిప్పుల్లో వేసి సగం కాలగానే తినడాన్ని మాత్రం ఆపించండి. ఉప్పు, కారం, నిమ్మరసం పురుగును చంపలేవు. పచ్చి ఎండ్రకాయ కోసిన కత్తి, దంచిన రోలు కడిగాకే ఇంకో పనికి వాడండి.

అన్నట్టు, మీవాడితో కలిసి తిన్న స్నేహితులను కూడా డాక్టరు దగ్గరికి వెళ్లమనండి.