వేసవిలో ట్రాక్టరు బ్యాటరీ సంరక్షణ

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో పంట ఇల్లు చేరి, కర్నూలు–కడప కాలువలో నీరు నిలిచిన పిదప పెక్కు ట్రాక్టర్లు వేసవియంతయు కొట్టములలోనే ఉండును. తొలకరికి దుక్కి ఆరంభింపబోగా ఇంజను కదలదు. అదును తప్పును, క్రొత్త బ్యాటరీకి వేల రూపాయలు వ్యయమగును.

దీనికి కారణమేమి? వాడకున్నను బ్యాటరీలోని విద్యుత్తు తనంతట తాను తరుగుచుండును. చలిదేశములలో వాహనములను శీతకాలమున నిలుపుదురు. ఆ చల్లదనమున తరుగుదల మందగించును. మన ఎండలలో అది హెచ్చును. చార్జి తగ్గిన బ్యాటరీని అట్లే వదలినచో సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడి, మరల చార్జి నిలువదు.

కావున ఈ క్రింది జాగ్రత్తలు పాటింపవలెను:

1. మూతలు గల బ్యాటరీలో పలకలు బయటపడియున్నచో అవి మునుగునంత డిస్టిల్డ్ వాటరు పోయవలెను. బోరునీటి లవణములు పలకలను చెరచును.
2. నిలుపుటకు ముందు పూర్తిగా చార్జి చేయింపవలెను.
3. విప్పునపుడు నెగెటివు తీగను మొదట, బిగించునపుడు చివర పట్టవలెను.
4. నీడయు గాలియు గల చోట ఉంచవలెను.
5. నెలకొకసారి మీటరుతో చూడవలెను. నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును, 12.4కు తగ్గినచో చార్జి చేయింపవలెను.

చార్జి చేయునపుడు వెలువడు హైడ్రోజను మండెడి వాయువు. చుట్ట, బీడీ దరిచేరనీయరాదు.

పంచాయతీకి ట్రాక్టరున్నచోట ఈ పనిని ఒకరికి అప్పగించి, తనిఖీ తేదీలను పుస్తకమున వ్రాయించుట సభ్యుల బాధ్యత. అది ప్రజాధనమును కాపాడుటయే.