రేకాబీయులు పట్టణమునకు వచ్చిరి

చదువవలసిన భాగము: యిర్మీయా 35వ అధ్యాయము

ఒకే వృత్తిమీద ఆధారపడి కలిసిమెలిసి బ్రదుకు కుటుంబములో ప్రేమ మెండుగా నుండును. దానితోపాటు ఒక భయమును ఉండును: ఒకడు కదలినచో ఇల్లంతయు చెదరిపోవునేమో!

అమెరికాలోని యూటా రాష్ట్రమున బ్రిగ్‌హాం సిటీ అను ఊరిలో క్రిస్టెన్‌సెన్ అను కుటుంబము ఉండెడిది. వారి పెద్దలు డెన్మార్కునుండి వలసవచ్చినవారు. సంగీతము, నాట్యము నేర్పుట ఆ యింటి వృత్తి. (నాట్యమనగానే మన పెద్దలు కొందరు ముఖము చిట్లింతురు. దావీదు మందసము ఎదుట నాట్యమాడిన సంగతి వారు మరువకుందురు గాక.) ఆ యింటి బిడ్డలైన విలం, హెరాల్డు, లూ అను మువ్వురు అన్నదమ్ములు ఐరోపా నాట్యమైన బాలే నేర్చుకొనిరి. 1942లో అన్నలిద్దరు శాన్ ఫ్రాన్సిస్కో పట్టణములోని బాలే సంస్థను తమ చేతికి తీసికొనిరి. పాఠశాల భారము హెరాల్డుది. పేరు వచ్చెను. అయినను 1951లో పెద్దవాడైన విలం ఆ చోటు విడిచి, యూటా విశ్వవిద్యాలయములో బాలే నేర్పుటకు స్వరాష్ట్రమునకు వెళ్లెను. సంస్థ కడగొట్టువాడైన లూ చేతికి వచ్చెను. హెరాల్డు 1975 వరకు పాఠశాలను నడిపెను. పెద్దన్న లేని బడి ఏమగునను ప్రశ్న అట్టి సమయమున ఏ యింటనైనను పుట్టక మానదు.

ఇప్పుడు మన పాఠములోనికి వత్తము. రేకాబీయులకు తమ పితరుడైన యెహోనాదాబు ఇచ్చిన ఆజ్ఞ కఠినమైనది. ద్రాక్షారసము త్రాగరాదు, ఇల్లు కట్టరాదు, విత్తనము విత్తరాదు. దినములన్నియు గుడారములలోనే ఉండవలెను. అయితే నెబుకద్రెజరు సైన్యము దేశముమీదికి రాగా వారు బయలు విడిచి యెరూషలేములోనికి వచ్చిరి. దానిని దాచక వారే 11వ వచనములో ఒప్పుకొనిరి. దేవుని మందిరపు గదిలో ప్రవక్తయే ద్రాక్షారసపు పాత్రలు ముందు పెట్టినను ముట్టలేదు. వారు చోటు మారిరి, విధేయత మారలేదు. పట్టణములోనికి వచ్చినందుకు దేవుడు వారిని గద్దింపలేదు గదా!

మన యింట కుమారుడు మగ్గము విడిచి పట్నము పోవుదుననినప్పుడు తల్లి ఏడ్చును, తండ్రి మాటలాడడు. ఆ కన్నీరు తప్పని మనము చెప్పము. అయితే ఆ తండ్రి తన కుమారుని ఎదుట ఒక మాట అడుగవలెను: మగ్గము కొరకా నా దుఃఖము, నీవు ప్రార్థన మరతువను భయము కొరకా? రెండవదైనచో ఆ సంగతి ఆ రాత్రియే మాటలాడుకొనవచ్చును. బస్సెక్కిన తరువాత అది కష్టము.

వచ్చు గృహకూటమునకు 18, 19 వచనములు చదివి రండి. రేకాబీయులు ఎక్కడ ఉండగా ఆ వాగ్దానము వారికి దొరికెనో గమనింపుడి.