మూడో హెచ్చరిక దాకా ఆగకు

భద్రాచలం

చి. అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ కంపెనీ సంగతి మీ అమ్మ చెప్పింది. రెండో విడత పెట్టుబడి రాలేదట, జీతాలకు క్రెడిట్ కార్డు గీకుతున్నావట, తెల్లవారుజామున మూడింటికి కూడా ఫోన్ వదలట్లేదట. యాప్‌ల వ్యాపారం గురించి నీకు చెప్పేంతటివాణ్ణి కాను. ఒత్తిడి గురించి మాత్రం రెండు మాటలు చెబుతాను.

ఇక్కడ గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. 2022 జులైలో 71 అడుగులు కూడా దాటింది. ఎప్పుడు కదలాలన్న లెక్క వరద రాకముందే కట్టి ఉంటుంది. నీళ్లు గడప ఎక్కాక ఆలోచిద్దామంటే కుదరదు. నువ్వూ అలాంటి గీతలు గీసుకో. వారం పాటు నిద్ర పట్టకపోతే మొదటిది: భాగస్వామికి చెప్పు, రాత్రి పదికల్లా ఫోన్ పక్కన పెట్టు. జీతాలకు సొంత అప్పు చేయాల్సి వస్తే రెండోది: పెట్టుబడిదారుల ముందు లెక్కలు పెట్టు, ఖర్చు తగ్గించు, కాదంటే మూసెయ్. చచ్చిపోదామన్న ఆలోచన వస్తే మూడోది: ఆ నిమిషమే 14416కి ఫోన్ చెయ్. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన లైను. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు.

ఈ లెక్కన నువ్విప్పటికే రెండోదాంట్లో ఉన్నావురా.

కాఫీ డే షాపులు పెట్టిన సిద్ధార్థ 2019 జులైలో పోయారు. ఆయన పేరిట బయటికొచ్చిన ఉత్తరంలో అప్పులవాళ్ల ఒత్తిడీ, తప్పంతా తనదేనన్న మాటా ఉన్నాయి. తర్వాత ఆ కంపెనీ ఆస్తులు అమ్మి అప్పు బాగా తగ్గించుకుంది. 2020 డిసెంబరులో ఆయన భార్య మాళవిక హెగ్డే సీఈవో అయ్యారు. కాఫీ షాపులు ఇంకా నడుస్తున్నాయి. అప్పుకి దారి దొరికింది, మనిషే లేడు.

ఇంకొకటి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చేసిన అప్పు మామూలుగా కంపెనీదే. వ్యక్తిగత హామీ అని సంతకం పెట్టావా, అది నీ మెడకు చుట్టుకుంటుంది. ఎక్కడెక్కడ పెట్టావో కాగితాలన్నీ తీసి ఓ సీఏకి చూపించు. కొత్తగా ఎక్కడా పెట్టకు, మీ నాన్న పొలం కాగితాల జోలికి అసలే పోకు.

ఉత్తరం అందిన రోజే మీ భాగస్వామితో కూర్చుని మాట్లాడు. రాత్రికి నాకు ఫోన్ చెయ్, ఎంత పొద్దుపోయినా ఎత్తుతాను.

ఇట్లు,
నీ మామయ్య